ఈదమ్మ ఫ్రిజ్‌లో నా అర

21 జూలై 2022

వెల్లకిలా పడుకుని రాస్తున్నాను. పెన్ను పైకెత్తి పట్టుకుంటే సిరా రావడం లేదు. అందుకని పెన్సిలు.

సోమవారం రంగు తొట్టిలోంచి తడి నూలు ఎత్తాను. అంతే. జారిపడలేదు. బరువు కూడా రోజూ ఎత్తేదే. వీపులో ఎండుపుల్ల విరిగినట్టు చిన్న చప్పుడు వచ్చింది. నూలు చేతిలోంచి జారిపోయింది. నేను అరవలేదు, నాకు అరవడం రాదు. మా ఆయన మగ్గం దిగి వచ్చేసరికి తొట్టి అంచు పట్టుకుని నిలబడి ఉన్నాను. చీర మీద ఎర్రరంగు నీళ్లు కారుతున్నాయి. రక్తమనుకుని ఆయన గోడకు ఆనుకుని కూర్చుండిపోయారు. అది రంగు అని నేనే చెప్పాల్సి వచ్చింది.

వెన్నులో ఒక పూస కుంగిందట. ఫోటోలో చూపించారు. మిగతావన్నీ చదరంగా ఉన్నాయి, అదొక్కటి కాలి కింద పడిన అగ్గిపెట్టెలా ఉంది.

నరసింహస్వామీ, గుట్ట మీద నీ కొత్త గుడి ఇంకా చూడనే లేదు.

26 జూలై

నల్లగొండ వెళ్లొచ్చాం. దారిలో ప్రతి గుంతా వెన్నుకు తెలిసింది.

డాక్టరమ్మ చిన్నపిల్ల, మా అమ్మాయి అఖిలకంటే రెండు మూడేళ్లు పెద్దదేమో. ఎముకల బలం కొలిచే పరీక్ష చేయించింది. కాగితం చూసి, నన్ను చూసి, మళ్లీ కాగితం చూసింది. నెలసరి ఎప్పుడు ఆగిందని అడిగింది. ఇరవై ఏడో ఏట గర్భసంచి తీశారని చెప్పాను. సంచి ఒక్కటేనా, పక్కనున్న అండాశయాలు కూడానా అంది. నాకు తెలియదు. అప్పుడెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. మా వాడలో ఆ ఏడాది నలుగురం చేయించుకున్నాం, నలుగురం ఒకే ఆటోలో పోయాం. ఇప్పుడు స్కానింగులో చూస్తే రెండూ లేవు. అప్పటి నుంచీ ఎముక సన్నబడుతూనే ఉందట, నేను కూనిరాగాలు తీసుకుంటూ, మేకుల చుట్టూ పోగు తిప్పుతూ ఆసు పోస్తున్నంత కాలమూ.

ఏడవాల్సిందేమో. కానీ ఆ వెంటనే ఆమె ఇంకో సంగతి చెప్పింది, అప్పటి నుంచి నా మనసు దాని దగ్గరే ఉంది. ఎముక రాయి కాదట. ఒంట్లోనే ఉన్న పనివాళ్లు కొందరు దాన్ని కొద్దికొద్దిగా తవ్వేస్తుంటారు, వాళ్ల వెనకే ఇంకొందరు కట్టుకుంటూ వస్తుంటారు. పుట్టినప్పటి నుంచి పోయేదాకా ఇదే పని. పదేళ్లు తిరిగేసరికి దాదాపు అంతా కొత్తదే అయిపోతుందట.

అఖిల పుట్టువెంట్రుకలకు గుట్ట మెట్లెక్కిన ఎముకలు ఇప్పుడు నాలో లేవు. అవి ఎప్పుడు పోయాయి? నేను అన్నం వారుస్తుండగానా, నిద్రపోతుండగానా? ఎవరు చేయిస్తున్నారు ఈ పనంతా?

27 జూలై

నిన్న రాయడం మరిచాను. తవ్వేవాళ్లు ముందుకు పోయి, కట్టేవాళ్లు వెనకబడ్డారట నాలో. కట్టేవాళ్లను లేపే మందు ఒకటి ఉంది. పెప్టైడ్ అంటారట. రోజూ పొట్ట మీదో తొడ మీదో మనమే పొడుచుకోవాలి, రెండేళ్లు. జీవితంలో ఆ రెండేళ్లే ఇస్తారు. ఇప్పుడు పట్టించుకోకపోతే ఇంకో పూస, ఇంకో పూస కుంగుతాయని, తర్వాత కూర్చోవడమే కష్టమవుతుందని మెల్లగానే చెప్పింది.

మందు అంటే ఏమిటో మందుల చీటీ వెనక బొమ్మ గీసింది. ముప్పై నాలుగు పూసల దండ. ఏ పూస పక్కన ఏది ఉండాలో అదే ఉండాలి. వరుస తప్పితే ఒంటికి అర్థం కాదు.

నాకు వెంటనే చిటికి గుర్తొచ్చింది. నేయకముందే పోగు మీద ఎక్కడెక్కడ ముడి వేయాలో అక్కడ వేసి రంగులో ముంచుతాం. ముడి విప్పాక చూస్తే అడ్డదిడ్డంగా మచ్చలు. మగ్గం ఎక్కితేనే ఏనుగు కనబడుతుంది, పువ్వు కనబడుతుంది. పువ్వంతా ముందే పోగులో ఉంటుంది, ఎవరికీ కనిపించకుండా. ముప్పై నాలుగు ముళ్ల పోగు ఒకటి నా ఒంట్లోకి పోయి ఎముకను నేస్తుందన్నమాట.

ఆ చీటీ దేవుని గూట్లో పెట్టాను.

31 జూలై

పొద్దుట మా ఆయనా, మా అన్న కొడుకు శ్రవణ్, నేనూ లెక్క చూసుకున్నాం. ఇద్దరం పనిచేస్తే ఇంటికి నెలకు పద్దెనిమిది వేలు. ఇప్పుడు ఆయన ఒక్కరే.

హైదరాబాదులో ఒక క్లినిక్ వాళ్లు ఫోన్ చేశారు, నర్సు ఇంటికే వస్తుంది, నెలకు పదకొండు వేలు, ఆరు నెలలవి ముందే కట్టాలి. ఫోన్లో ఆ అమ్మాయి గొంతు తేనెలా ఉంది. ఈ మందు సూది పెన్నులా వస్తుందట, నల్లగొండ మందుల షాపులో నెలకు సరిపడే పెన్ను ఏడు వేల రెండు వందలు. శ్రవణ్ పనిచేసేది మహబూబ్‌నగర్‌లో మందులు టోకుగా అమ్మేవాళ్ల గోదాములో. అక్కడ బిల్లుతో సహా నాలుగు వేల తొమ్మిది వందలకు ఇప్పిస్తాడట, కానీ ఒకేసారి మూడు తీసుకోవాలి.

ఇంకో దారి కూడా చెప్పాడు వాడు, చెప్పాలా వద్దా అన్నట్టు. సెల్‌ఫోన్లో అమ్ముతున్నారట, సీసాలో తెల్లపొడి, మనమే నీళ్లు కలుపుకోవాలి. పద్దెనిమిది వందలు. కంపెనీ పేరుండదు, బిల్లుండదు. పద్దెనిమిది వందలు అనగానే నేను తలెత్తి చూశాను. మా ఆయన అది గమనించారు.

"నూలు కట్ట కొనేటప్పుడు లేబుల్ సూస్తవు, కొస తెంపి సూస్తవు," అన్నారు. "ఒంట్లెకు పోయేదానికి పేరు లేకున్నా నడుస్తదా?"

మొదటి రెండూ నల్లగొండలో కొని, ఆ తర్వాత శ్రవణ్ ద్వారా మూడేసి. నా చేతి గాజులు రెండు పోతాయి. గాజులు ఎముకకు బయట ఉండేవే కదా.

5 ఆగస్టు

పెన్ను వచ్చింది. ఎప్పుడూ ఫ్రిజ్‌లోనే ఉండాలి. గడ్డ కట్టకూడదు, వెచ్చబడకూడదు. మాకు ఫ్రిజ్ లేదు, ముందు గదంతా మగ్గమే.

ఈదమ్మ కిరాణం మా ఇంటికి నాలుగు ఇళ్ల అవతల. వాళ్లు గొర్రెలవాళ్లు, మంద అమ్మిన డబ్బుతో పెట్టిన కొట్టు. అద్దం తలుపు పెద్ద ఫ్రిజ్ ఉంది. కిరాయి ఎంతో చెప్పమన్నాను. పెరుగు డబ్బాలు జరుపుతూ నా వైపు చూడకుండానే అంది, "మందు నాది గాదు, సూది నాది గాదు. నాది ఖాలీ జాగ. దానికి కిరాయేంది వదినె?"

మధ్య అరలో, ఎడమ మూల. శ్రవణ్ చలి కొలిచే చిన్న గడియారం లాంటిది తెచ్చి అక్కడ పెట్టాడు. నాలుగు చూపిస్తోంది. ఎనిమిది దాటకూడదట.

6 ఆగస్టు

మొదటి సూది, ఈదమ్మ కొట్టు వెనక గదిలో, బియ్యం బస్తా మీద కూర్చుని. నరసింహా అనుకున్నాను, చీమ కుట్టినంత కూడా లేదు. లేవగానే కాస్త తల తిరిగింది. ఈదమ్మ భుజం పట్టుకుని కూర్చోబెట్టింది, ఒక సోడా కొట్టి ఇచ్చింది.

ఎముకా, లే.

19 ఆగస్టు

ఏమీ తెలియడం లేదు. నొప్పి అలాగే ఉంది. ఏమీ తెలియకపోవడమే ఎంత వింత. లోపల ఎవరో పలుగూ పారా పట్టుకుని పనిచేస్తున్నారు, నాకు చప్పుడే లేదు.

చీర కుచ్చిళ్లు నేలకు తగులుతున్నాయి. చీర అదే. నేనే తగ్గాను.

8 సెప్టెంబరు

ఈ రోజు నడుముకు పట్టీ కట్టుకుని నూలు కండెలు చుట్టాను, గంటసేపు.

28 సెప్టెంబరు

శ్రవణ్ మూడు పెన్నులు తెచ్చాడు, ఐసు డబ్బాలో, పసిపిల్లను ఎత్తుకున్నట్టు బస్సులో ఒళ్లో పెట్టుకుని. మూడు నెలల మందు. నా అరలో మూడూ పక్కపక్కన పెట్టి తలుపు వేశాం. అద్దంలోంచి కనిపిస్తున్నాయి. ఈదమ్మ కూల్‌డ్రింకు అమ్మినప్పుడల్లా వాటిని చూసి, అవి కదల్లేదని నాకు కేకవేసి చెబుతానంది.

3 అక్టోబరు

సద్దుల బతుకమ్మ. వంగి చప్పట్లు కొట్టలేను, అరుగు మీద కూర్చుని చూశాను. వెన్ను నిటారుగా ఉన్నవాళ్లు ఎంత సులువుగా వంగుతారో.

4 అక్టోబరు

ఆయుధ పూజ. పొద్దున్నే మగ్గంలో అటూ ఇటూ పోగు తెచ్చే నాడె, కత్తెర, ఆసు మేకులు, రంగు గరిటె, అన్నీ కడిగి దేవుని ముందు పెట్టాం. మా ఆయన అఖండ దీపం వెలిగించారు. రేపు జమ్మి దాకా వాటిని ముట్టుకోం, మా మామగారి కాలం నుంచీ అంతే.

అన్నీ సర్దాక ఏదో తక్కువైనట్టనిపించింది. అర్థమైంది. ఈ ఏడాది నా ఆయుధం నాడె కాదు కదా.

కొట్టుకు పోయి పొద్దుటి సూది వేసుకుని, మూడు పెన్నులూ తీసుకున్నాను. ఈదమ్మ డబ్బాలు తుడుస్తూ ఆగింది. "సల్లగుండాలె అన్నరు గద వదినె?"

"దేవుని దగ్గర పెట్టినవి పాడైతయా ఈదమ్మా," అన్నాను.

ఆమె గుడ్డ దులిపి మళ్లీ డబ్బాలు తుడవసాగింది.

దీపం పక్కన ఇత్తడి పళ్లెంలో పెట్టాం. మా ఆయన మూడింటికీ పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టారు. చూస్తుంటే కళ్లు నిండాయి. లోపల ముప్పై నాలుగు పూసల దండలు, కోటానుకోట్లు, స్వామి ఎదురుగా. ఇన్నాళ్లూ పెరుగు డబ్బాల మధ్య పెట్టాను వాటిని.

5 అక్టోబరు

జమ్మి పెట్టి వచ్చాక పెన్నులు తీసుకుపోయి అరలో పెట్టాను. రేకుల ఇల్లు, పగలంతా ఎండ బాగా కాసింది. పెన్నులు చేతికి గోరువెచ్చగా ఉన్నాయి, హారతి కళ్లకద్దుకున్నట్టు. అక్కడే సూది వేసుకున్నాను.

12 అక్టోబరు

నొప్పి తక్కువ.

20 అక్టోబరు

నొప్పి తక్కువగానే ఉంది. దేవుని దగ్గర పెట్టినవి. మందు ఎంత వేసుకోవాలో చూపించే చిన్న కిటికీ అంచులో కుంకుమ ఇరుక్కుంది, రోజూ సూది వేసుకునేటప్పుడు ఆ ఎరుపు చూసి దండం పెట్టుకుంటాను.

29 అక్టోబరు

నాలుగో పెన్ను మొదలైంది. దీని కిటికీలోనూ కుంకుమ ఉంది.

శ్రవణ్ ఫోన్ చేశాడు. ఫ్రిజ్ సరిగ్గా నడుస్తోందా, గడియారం ఎంత చూపిస్తోందని. నాలుగు అన్నాను. నిజమే, నాలుగే.

6 నవంబరు

ఈ రోజు వీపు కాస్త పట్టేసింది. చలి మొదలైంది కదా. దేవుని దగ్గర పెట్టినవి.

14 నవంబరు

నల్లగొండ. సూది సరిగ్గా వేసుకుంటున్నానో లేదో చూస్తానంది డాక్టరమ్మ, ఐసు డబ్బాలో పెన్ను తీసుకుపోయాను. చూసి మెచ్చుకుంది. తర్వాత పెన్ను కిటికీ దగ్గర ఎరుపు చూసి, ఇదేంటమ్మా అంది. బొట్టు అన్నాను. నవ్వింది. మంచి నవ్వు.

"ఫ్రిజ్ దగ్గరికే పోయి పెట్టారా బొట్టు?"

తలూపాను.

ఇంకేమీ అడగలేదు ఆమె. నోటితో చెప్పలేదు కదా నేను, తలే ఊపాను.

15 నవంబరు

దీపం పెట్టాను. ఏమీ కోరుకోలేదు.

21 నవంబరు

నిన్న పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కరెంటు లేదు, లైను పని. నా పెన్నులను ఈదమ్మ ముందే ఐసు డబ్బాలో సర్దింది. పాలు ఫ్రిజ్‌లోనే ఉండిపోయాయి. ఈ రోజు నేను పోయేసరికి కొట్టు ముందు కూర్చుని పాల ప్యాకెట్లు ఒక్కొక్కటే కత్తిరించి బకెట్లో పోస్తోంది. పైకి చూస్తే అన్నీ మంచిగానే ఉన్నాయి. బకెట్లో పడ్డాక తరకలు తేలుతున్నాయి. కొన్ని కాచి చూడరాదా అన్నాను. చూపుకు మోసపోతే ఊరంతా కడుపు పట్టుకుని తన ఇంటి ముందే నిలబడతారంది.

ఒక ప్యాకెట్ మాత్రం పక్కన పెట్టింది. అదేమిటంటే నిన్న పొద్దున వాళ్ల మల్లన్న పటం ముందు పెట్టి తీసింది, ఆదివారం కదా, మొక్కు. దాన్ని కూడా కత్తిరించింది. అది కూడా విరిగింది.

బకెట్ వైపే చూస్తూ, నన్ను ఏమీ అడగకుండా, మామూలుగా అంది. "మల్లన్న ముంగట పెట్టిన పాలు గూడ ఇరుగుతయి వదినె. గందుకు మల్లన్న మీద అలుగుతమా? పాలు పాలే. దేవుడు దేవుడే."

నేను సూది వేసుకోకుండా ఇంటికొచ్చాను.

22 నవంబరు

మా ఆయనకు చెప్పాను. నేను పెట్టమంటేనే పెట్టారు, ఒక్క రోజు వేడికే పాడవుతాయని ఆయనకు తెలియదు, నాకు తెలుసు. పెన్ను డబ్బా మీద రాసి ఉంది, డాక్టరమ్మ చెప్పింది, ఈదమ్మ గుర్తుచేసింది. నాకు తెలుసు. నొప్పి తగ్గిందని ఇందులో రాసుకున్నాను కూడా. తగ్గలేదు.

ఆయన మగ్గం దిగి వచ్చారు. "బొట్టు పెట్టిన చెయ్యి నాది," అన్నారు. "తప్పయితే సగం నాకు రాయి. రేపే పోదాం."

23 నవంబరు

డాక్టరమ్మ కోప్పడితే బాగుండేది. పెన్ను వెలుతురుకు పెట్టి చూసింది. నీళ్లలా తేటగా ఉంది.

"బలం పోయిందో లేదో చూసి చెప్పలేమమ్మా. పోయి ఉండొచ్చు, పోకపోయి ఉండొచ్చు. దండలో ఒక ముడి వదులైనా మన కంటికి కనిపించదు."

ఈ నెలన్నర నేను పొడుచుకున్నది మందో నీళ్లో ఎవరికీ తెలియదు. వాడుతున్నదీ, తెరవనిదీ రెండూ ఆమె సూదుల డబ్బాలో వేయమంది. వేసేముందు కళ్లకద్దుకున్నాను. ఆమె గది కిటికీ వైపు తిరిగి నిలబడింది.

కొత్త పెన్ను కొనాలి. మగ్గం మీది చీర నేత పూర్తయి తెగడానికి ఇంకా పది రోజులు. గాజులు ఎప్పుడో పోయాయి. అఖిలను అడగొద్దని నేనే అన్నాను, నాగార్జునసాగర్‌లో దాని జీతం దాని ఇంటికే చాలదు. మందు ఆగకూడదంది డాక్టరమ్మ.

24 నవంబరు

ముడుపు విప్పాను.

గుట్ట మీద పాత గుడి మూసి కొత్తది కట్టడం మొదలుపెట్టిన ఏడాది కట్టాను దాన్ని. ప్రతి నెలా స్వాతి నక్షత్రం రోజు ఎంతో కొంత వేసి మళ్లీ ముడి వేస్తాను. కొత్త గుడికి నడిచి వచ్చి హుండీలో వేస్తానని మొక్కు. ఎంత ఉందో ఎప్పుడూ చూడలేదు. చూడకూడదు.

పొద్దున స్నానం చేసి గూటి ముందు కూర్చున్నాను. చెయ్యి రాలేదు. పసుపు గుడ్డ, ఆరేళ్ల ముడి, గట్టిపడిపోయింది. అప్పుడు చేతివేళ్లే పని అందుకున్నాయి. ముప్పై ఏళ్లుగా వేస్తున్నదీ విప్పుతున్నదీ ముళ్లే కదా. రంగులో ముంచిన పోగు ముడి విప్పితేనే తెల్లది తెల్లగా, ఎర్రది ఎర్రగా బయటపడేది. విప్పకుండా ఉంచుకున్న పోగు ఎవరికీ పనికిరాదు. స్వామీ, ఇది దొంగతనమైతే ఇప్పుడే చెప్పు అన్నాను. కాసేపు ఆగాను. బయట ఎవరో మేకను అదిలించారు. విప్పాను.

ఎనిమిది వేల పైచిలుకు. చిల్లర నాణేలు వేరే. అన్నిటికంటే అడుగున, నాలుగు మడతలు పెట్టిన ఒక ఐదు వందల నోటు. పాతది. రద్దయిన నోటు. ముడుపు కట్టిన మొదటి రోజు నేనే వేశాను, ఆ తర్వాత కొన్ని నెలలకే అవి చెల్లకుండా పోయాయి. ఊరంతా బ్యాంకుల ముందు నిలబడితే నేను దీన్ని ముట్టుకోలేదు. ఇది దేవునిది, దీనికేమవుతుంది అనుకున్నాను.

మా ఆయన వచ్చి చూశారు. ఆ నోటు అటూ ఇటూ తిప్పారు. ఆరేళ్లు రోజూ దీపం చూసిన నోటు.

"ఇది గూడ చెల్లకపాయె," అన్నారు.

ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వితే నా వీపు నొప్పి పెట్టింది, అయినా ఆగలేదు. ఎన్ని నెలలైందో ఈ ఇంట్లో అలా నవ్వి.

పాల విషయంలో ఈదమ్మ చెప్పింది. నోటు విషయంలో స్వామే స్వయంగా చెప్పాడు. చల్లగా ఉంచమని రాసినదాన్ని చల్లగా ఉంచడం కూడా ఆయన మాటే. ముప్పై నాలుగు పూసలకు ఆ వరుస పెట్టినవాడే, వాటికి ఆ చలి కూడా పెట్టాడు.

25 నవంబరు

నల్లగొండ షాపు. ఏడు వేల రెండు వందలు. నా అర. నాలుగు.

26 నవంబరు

వేసుకున్నాను. కిటికీ తేటగా ఉంది.

22 డిసెంబరు

శ్రవణ్ మళ్లీ మూడు తెచ్చాడు. జరిగింది చెప్పాను. తిడతాడనుకున్నాను. "అత్తమ్మా, మా గోదాంల గూడ దసరాకు ఫ్రిజ్‌కే బొట్టు పెడతం, మందులు బయటికి తియ్యం," అన్నాడు. ఎంత చిన్న సంగతి. ఆ రోజు ఎవరినైనా అడిగి ఉంటే తెలిసిపోయేది. అడగలేదు నేను. గర్భసంచి తీసినప్పుడూ అడగలేదు.

17 ఫిబ్రవరి 2023

ఆసు ముందు కూర్చున్నాను. అరగంట.

2 మార్చి

గంటన్నర. ఒక చీరకు ఆ చెయ్యి ఎన్ని వేల సార్లు అటూ ఇటూ పోవాలో. పోయింది. నొప్పి ఉంది, కానీ పాత నొప్పి కాదు, పని చేసిన నొప్పి. ఇది రాయడానికి భయపడ్డాను, కిందటిసారి అబద్ధం రాశాను కనుక. మా ఆయనను అడిగాను, నా ముఖంలో తెలుస్తోందా అని. తెలుస్తోందట.

14 ఏప్రిల్

గుట్ట. మెట్ల మీద నడవలేదు, బస్సులో పోయాం, డాక్టరమ్మ మెట్లు ఇంకా వద్దంది. కొత్త గుడి నల్లరాయి, ఎక్కడ చూసినా చెక్కిందే. ఎండకు బయట నేల కాలుతోంది. లోపలికి అడుగుపెట్టగానే చలి. గుహ లోంచి వస్తున్న చలి, ముఖానికి తగిలింది. అంత జనంలో అక్కడే నిలబడిపోయాను. ఏమి కోరుకోవాలో కూడా గుర్తు రాలేదు.

హుండీలో పసుపు గుడ్డ వేశాను, ఒక రూపాయి బిళ్ల కట్టి. నీ డబ్బు నా వెన్నులో ఉంది స్వామీ, మొత్తంగా నేనే వచ్చాను, చూసుకో అన్నాను.

పాత నోటు ఈ పుస్తకంలోనే ఉంది.

11 సెప్టెంబరు

మళ్లీ ఎముకల పరీక్ష. డాక్టరమ్మ రెండు కాగితాలు పక్కపక్కన పెట్టింది, కిందటేడాదిది, ఈ ఏడాదిది. కుంగిన పూస కుంగినట్టే ఉంటుంది, అది లేవదు. నా చీర ఇక ఎప్పటికీ రెండు వేళ్లు ఎక్కువే. కానీ మిగతా వెన్నంతా గట్టిపడింది. ఆమె వేలితో ఆ గీత చూపించింది, కిందున్న గీత పైకి వచ్చింది. "ఇది మీరు కట్టుకున్న ఎముకమ్మా," అంది.

నేను కాదు. నేను బియ్యం బస్తా మీద కూర్చున్నాను, అంతే.

దారిలో బస్సు కిటికీ పక్కన కూర్చుని వెన్ను తడుముకున్నాను, చీర మీద నుంచే. పైకి ఏమీ తెలియదు. లోపల కొత్త నేత.

ఇంకా పదకొండు నెలలు. మూడేసి పెన్నులు, నాలుగుసార్లు. మా ఆయన రెండో మగ్గం వేసే మాట ఎత్తారు, నేను ఆసుకు పూర్తిగా కూర్చుంటే దాని పని అందుకుంటుందని.

23 అక్టోబరు

ఆయుధ పూజ.

నాడె, కత్తెర, మేకులు, గరిటె, దీపం. ఈసారి ఆసు మేకుల మధ్య పోగు కూడా ఉంది, నేను పోసినదే.

తర్వాత పసుపు, కుంకుమ, బంతిపూలు పట్టుకుని కొట్టుకు పోయాను. ఈదమ్మ అప్పటికే ఫ్రిజ్ మీద దుమ్ము తుడిచి, చేతికందినంత ఎత్తున దండ వేసింది. పాలకు వచ్చిన మైసయ్య తాత నిలబడి చూసి, "ఏందే ఈదమ్మా, గీ ఫ్రిజ్ గూడ ఆయుధమేనా?" అన్నాడు.

"కాదా మరి తాత. నీకు పాలు కాపాడుతాంది, మా వదినెకు ఎన్నుపూసలు పొదుగుతాంది," అంది ఈదమ్మ.

తలుపు మీద అద్దానికి బొట్టు పెట్టాను, నా అరకు ఎదురుగా, లోపలి పెన్ను మీద పడేలా. హారతి బయటి నుంచే ఇచ్చాను. తర్వాత ఉండబట్టలేక తలుపు తీశాను, ఒక్కసారి దర్శనానికి. లోపలి నుంచి చలి వచ్చి ముఖానికి తగిలింది. గుట్ట మీద గుహ లోంచి వచ్చిందే. అదే చలి. పెరుగు డబ్బాలు, పాలు, మధ్య అరలో ఎడమ మూల మూడు పెన్నులు, చలి గడియారంలో నాలుగు. చేతులు వాటంతటవే జోడించుకున్నాయి. నాకేమీ వినిపించలేదు కాసేపు.

"వదినె," అంది ఈదమ్మ నెమ్మదిగా, "తలుపెయ్యి. సల్లదనం పోతాంది."

వేశాను.